పాతరలో దీపము

ఉట్నూరు ప్రాంతమునకు మేము ధాన్యపు కథ కొరకు పోలేదు. ప్రధానుల కిక్రీ వాద్యమును ధ్వనిముద్రణ చేయుటకు పోతిమి. పట్టణమునకు పదిపండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్న గోండుగూడెమది. వాన వెలిసిన మధ్యాహ్నము. వాకిళ్లలో కోళ్ల కూతలు, దారిలో మోటారు సైకిళ్ల రొద. తావు కుదరక మా సాంకేతిక మిత్రుడు ఇల్లిల్లు తిరిగి, చివరకొక చిన్న గదిని మెచ్చుకొనెను. ఆ గదిలో సగభాగమును ఒక గుమ్మి ఆక్రమించి యుండెను. వెదురుబద్దలతో అల్లి, లోపలను వెలుపలను మట్టియు పేడయు కలిపి మెత్తిన ఆ నిలువెత్తు బుట్ట, గోడల ప్రతిధ్వనిని మింగివేయుచున్నదని అతని సంతోషము.

గుమ్మిలో ఏమున్నదని మేము అడిగితిమి. ఇంటి అవ్వ మాట చెప్పక, గుమ్మి అడుగున రంధ్రమునకు బిగించిన గుడ్డపీలికను లాగివేసెను. జొన్నలు జలజల రాలినవి. దోసిట పట్టి మా ముక్కు దగ్గరకు తెచ్చి, "వాసన చూడు సారూ! ముక్కిన వాసన ఉన్నదా? గాలి ఆడితేనే గింజ బతుకుతది" అనెను.

మా వాహనము నడపు మిత్రుడు కరీంనగర్ వైపు వాడు. అతడు వాకిట నిలిచి ఈ మాట విని, "మా దిక్కు అట్ల కాదు అవ్వా! మా తాత జొన్నలు పాతరేసేటోడు. గాలి తగిలితే చెడుతయని మూతి మెత్తేటోళ్లు. మళ్ల తీసేనాడు దీపం దించకుంట ఎవ్వరిని దిగనియ్యకపోయేది" అనెను. అవ్వకు ఆశ్చర్యము. గాలి లేని గుంటలో గింజలెట్లుండునని ఆమె ప్రశ్న. గాలి తగిలిన గింజ పుచ్చక ఎట్లుండునని ఇతని ప్రశ్న. ఇద్దరి మాటయు నిజమే. కిక్రీ శ్రుతి కుదురు లోపల వారి వాదము ముగియలేదు గాని, మాకు మాత్రము ఈ ప్రసంగమునకు విషయము దొరికెను.

ధాన్యము ప్రాణము లేని వస్తువని మనము భ్రమపడుదుము. అది సజీవము. కోసి, నూర్చి, ఎండబెట్టి నిలువచేసిన పిమ్మట కూడ గింజ ఊపిరి పీల్చుచునే యుండును. ప్రాణవాయువును గ్రహించి, బొగ్గుపులుసు వాయువును, కొంత తేమను, కొంత వేడిమిని విడుచును. బాగుగా ఎండిన గింజలో ఈ క్రియ మిక్కిలి మందముగా జరుగును. నూటికి 12, 13 పాళ్లకు మించి తేమ యున్నచో ఊపిరి వేగము హెచ్చును. వేడిమి పుట్టును. ఆ వేడిమికి బూజును, ముక్కపురుగును మేలుకొనును. అవియు ఊపిరి పీల్చును గనుక మరింత తేమ, మరింత వేడిమి. ఒక మూల రాజుకొన్న ఈ జ్వరము రాశి యంతటికి వ్యాపించును. ధాన్యపు రాశిలో మోచేతి వరకు చేయి దూర్చి చూచు మన పెద్దల అలవాటు నిజముగా నాడి చూచుటయే.

ఈ జ్వరమునకు మందులు రెండు. ఒకటి, గాలిని పారించి వేడిమిని, తేమను బయటకు కొనిపోవుట. రెండవది, గాలిని పూర్తిగా మూసివేసి, లోని ప్రాణవాయువు తరుగునట్లు చేసి పురుగును చంపుట. అవ్వ గుమ్మి మొదటి మార్గము. తాత పాతర రెండవ మార్గము. మానవజాతి ధాన్యము దాచిన వేలయేండ్ల కథ యంతయు ఈ రెండింటి నడుమనే నడచినది. సగము గాలి, సగము మూత యను మధ్యేమార్గము మాత్రము ఎక్కడను మేలు చేయలేదు.

ముందు పాతర సంగతి చూతము. వాన తక్కువైన దక్కను మెట్టభూములలో, గట్టి మొరపనేల గల ఎత్తైన తావు చూచి పాతర త్రవ్వుదురు. మూతి మనిషి దిగునంత మాత్రమే. లోపల కడుపు విశాలము. అడుగున, ప్రక్కల జొన్నచొప్పయో గడ్డియో పరచి, ఎండిన జొన్నలను పోసి, పైన మరల గడ్డి కప్పి, బండ వేసి మట్టితో మెత్తుదురు. కన్నడిగులు దీనిని హగేవు అందురు, మహారాష్ట్రులు పేవు అందురు. 1800, 1801 సంవత్సరములలో మైసూరు దేశము తిరిగిన బుకానన్ దొర రాగులను ఇట్లు దాచు పద్ధతిని తన యాత్రాగ్రంథమున వర్ణించెను. మూత పడిన కొలది దినములకే లోని ప్రాణవాయువును గింజయు పురుగును కలిసి ఖర్చుచేయును. అది నూటికి మూడు పాళ్ల కంటె తగ్గినచో పురుగు బ్రదుకదు. తాను వదలిన ఊపిరిలోనే తాను చచ్చును. మందు లేదు, ఖర్చు లేదు.

అయితే దీనికి లోపములు లేకపోలేదు. గుంట అంచున తడి తగిలిన గింజ రంగు మారును, పులిసిన వాసన వేయును. తేమతో పాతరలో చాలకాలము మ్రగ్గిన గింజ తినుటకు పనికివచ్చినను మొలకెత్తుట కష్టము. అందుచేతనే పాతరలున్న యిండ్లలో కూడ విత్తనములను వేరుగా, కుండలలోను బుట్టలలోను బూడిదయో వేపాకో కలిపి దాచెడివారు. పొయ్యిపైన దూలమునకు కంకులు వ్రేలాడదీసి పొగపట్టించుట మన గూడెములలో నేటికిని కానవచ్చును.

అన్నిటి కంటె పెద్ద లోపము పాతర తెరచునాడు బయటపడును. పురుగును చంపిన ఆ గాలియే మనిషిని కూడ చంపును. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలి కంటె బరువైనది. మూత తీసినను పైకి లేచి పోదు. గుంట అడుగున నీటివలె నిలిచి యుండును. దానికి రంగు లేదు. దిగిన వానికి కేక వేయు వ్యవధి యుండదు. వానిని లాగుటకు దిగిన రెండవవాడును అక్కడనే కూలును. రోము దేశపు పండితుడు వర్రో క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలోనే తన వ్యవసాయ గ్రంథమున ఈ సంగతి వ్రాసెను. పాతర తెరచిన వెంటనే దిగరాదనియు, అట్లు దిగి ఊపిరాడక పోయినవారు కలరనియు ఆయన హెచ్చరిక. పాతరలో గోధుమలు ఏబది యేండ్లు నిలుచునని కూడ ఆయన చెప్పెను. ఈ రెండవ మాటను పరీక్షించి చూచునంతటి ఓపిక మాకు లేదు. మొదటి మాట మాత్రము అక్షరసత్యము.

మా మిత్రుని తాత వర్రోను చదువలేదు. కాని ఆయన చేసినది అదియే. ముందురోజు బండ తొలగించి రాత్రియంతయు విడిచిపెట్టెడివారట. తెల్లవారిన పిమ్మట త్రాటికి కందిలి కట్టి దించెడివారట. దీపము ఆరినచో ఎవరును దిగరాదు. అప్పుడు వేపమండలను మోపుగా త్రాటికి కట్టి, గుంటలో పైకి క్రిందికి చాలసేపు ఆడించెడివారట. పాడుబడిన బావులలో పూడిక తీయునప్పుడు మన పల్లెలలో చేయు పని యిదియే. ఆకుల మోపు పైకి వచ్చునప్పుడు క్రింది చెడుగాలిని కదలించి తెచ్చును. దిగునప్పుడు పై మంచిగాలిని లోపలికి త్రోయును. నిలువచేసిన ధాన్యములోనికి గాలిని పంపు యంత్రములలో ఇంతకు మించిన చవుకైనది మరియొకటి ఉన్నదని మేము అనుకొనము.

దీపపు పరీక్షలో శాస్త్రము కలదు. మామూలు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. అది 16 పాళ్లకు దిగినచో దీపము ఆరును. మనిషికి స్పృహ తప్పుట అంతకంటె చాల తగ్గిన పిమ్మట, సుమారు 10 పాళ్ల దగ్గర. కావున దీపము మనకంటె ముందుగా చచ్చి మనలను బ్రదికించును. ఇదే న్యాయము పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే మరియొక చోట పనిచేసినది. బెల్లంపల్లి బొగ్గుగనులలో దిగిన కార్మికులు ఎరిగిన గనిదీపము, 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన జాలి దీపము సంతతిదే. జ్వాల క్రుంగినచో ప్రాణవాయువు తగ్గినదని గుర్తు. జ్వాల చుట్టు నీలికాంతి లేచినచో మండెడి వాయువు చేరినదని గుర్తు. గనులలో గాలిని త్రోయుటకు బ్రహ్మాండమైన పంకాలు పెట్టిరి. పాతర రైతునకు వేపమండలే గతి.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ దీపపు పరీక్ష ధాన్యపు పాతరకు పుట్టినది. మురుగు కాలువల గుంతలలోను, పేడవాయువు తొట్లలోను మండెడి వాయువు చేరును. అచ్చటికి దీపము దించుట ప్రమాదము. వానిలోనికి సాధనములు లేక మనిషిని దింపనే రాదు. ఇక ఈనాడు ధాన్యపు పురుగునకు వేయు బిళ్లల విషవాయువు, అనగా ఫాస్ఫీన్, దీపమును ఆర్పదు. దీపము వెలుగుచుండగనే మనిషి పోవును. ఆ బిళ్లలు వేసిన బస్తాలున్న గదిలో పిల్లలను పరుండబెట్టి, తెల్లవారి ఏడ్చిన యిండ్ల వార్తలు పత్రికలలో మనము చదువుచునే యున్నాము. తాతల తెలివి తాతల గాలికే సరిపోవును. క్రొత్త గాలికి క్రొత్త జాగ్రత్త కావలెను.

ఇంక గుమ్మి. ఉట్నూరు ఎత్తైన పీఠభూమి. ఏటికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. నల్లరేగడి తడిసి ఉబ్బును, ఎండి నెఱ్ఱెలు వాఱును. అట్టి నేలలో పాతర త్రవ్విన, అది బావియే యగును. కాని చుట్టును అడవి, అడవిలో వెదురు. తట్టబుట్టలు అల్లుటలో కొలాములది అందెవేసిన చేయి. రాళ్లపైననో కొయ్యలపైననో నిలిపిన గుమ్మి క్రిందుగా గాలి ఆడును. మట్టిపేడల పూత బయటి వానజల్లును ఆపును గాని, లోని తేమను కొంచెము కొంచెముగా పీల్చి వెలుపలికి విడుచును. కుండ నీటిని చల్లబరచు న్యాయమే ఇదియు. మరియొక కారణము కూడ మాకు తోచుచున్నది. పూర్వము గోండుల ఊళ్లు ఒక్కచోట స్థిరముగా నుండెడివి కావు; భూమి మార్చి, ఊరు మార్చి కదలెడివి. గుమ్మిని బండిపై వేసికొని పోవచ్చును. పాతరను బండిపై వేసికొని పోవుట ఎవరి తరము?

గాలి మార్గమును నమ్మిన పెద్ద కట్టడములు ప్రపంచమున చాల కలవు. 1950లో మార్టిమర్ వీలర్ మొహెంజొదారోలో 27 ఇటుక దిమ్మెల కట్టడమును త్రవ్వించి, దిమ్మెల నడుమ సందులు ధాన్యమునకు గాలి పంపు దారులని నిర్ణయించి, దానికి మహాధాన్యాగారమని పేరిడెను. ఆ పేరు పాఠ్యపుస్తకముల కెక్కినది. తరువాతి పండితులు అక్కడ ధాన్యపు ఆనవాలు దొరకలేదని ఆక్షేపించిరి. నేడు ఆ పేరును పలువురు అంగీకరింపరు. దారులు మాత్రము నిజమైనవే. బ్రిటనులో హేడ్రియను గోడ వెంబడి హౌస్‌స్టెడ్స్ కోటలో రోమనులు కట్టిన ధాన్యపు కొట్ల విషయములో ఇట్టి అనుమానము లేదు. పొట్టి స్తంభములపై నేలను ఎత్తి, గోడల అడుగున రంధ్రములు విడిచిరి. రాతితో కట్టిన గుమ్మి అనవచ్చును. మన గండికోటలో కమానుల కప్పుతో నిలిచిన ధాన్యాగారమును చూచినవారు ఆ ఎత్తును, ఆ చల్లదనమును మరవలేరు.

దీనికి ఎదురు ఉదాహరణ పాట్నాలోని గోల్‌ఘర్. 1770 నాటి బెంగాల్ క్షామము తరువాత వారన్ హేస్టింగ్సు ఆజ్ఞపై కెప్టెన్ గార్‌స్టిన్ దానిని కట్టించి 1786లో ముగించెను. 29 మీటర్ల ఎత్తు, అడుగున మూడున్నర మీటర్ల మందపు గోడ. పైనుండి పోసి క్రిందినుండి తీయుట ఉద్దేశము. తలుపులు లోపలికి తెరచుకొనును గనుక నిండినచో తెరువరాదని జనులు నవ్వుకొనిరి. అది ఏనాడును నిండలేదు గనుక ఆ నవ్వు నిజమో కాదో తేలలేదు.

గాలిని తనంతట రానీయక, బలవంతముగా ధాన్యములోనికి త్రోయవచ్చునను ఆలోచన పదునెనిమిదవ శతాబ్దపుది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను క్రైస్తవాచార్యుడు గుఱ్ఱపు రక్తపు పోటును కొలిచిన విచిత్రపు మనిషి. ఓడల అడుగు గదులలో, కారాగృహములలో మనుష్యులు చెడుగాలికి చచ్చుట చూచి, కొలిమితిత్తుల వంటి పెద్ద గాలిపెట్టెలను నిర్మించి 1743లో ఒక గ్రంథము ప్రకటించెను. ఫ్రాన్సులో దుహమెల్ దు మొన్సో ఆ తిత్తులను ధాన్యమునకు పూన్చెను. చిల్లుల నేలపై ధాన్యము పోసి, నేల క్రింద నుండి తిత్తితో గాలి ఊదించి, గోధుమలు చల్లగా నిలుచుట చూపి, 1753లో తన గ్రంథమును వెలువరించెను. నేడు ఇనుప గరిసెల క్రింద తిరుగు విద్యుత్పంకాలకు ఈ తిత్తియే పితామహుడు.

ఉత్తర తెలంగాణమునకు తిత్తి క్రొత్త కాదు సుమా! కోనసముద్రపు ఉక్కు పారసీకమునకు ఎగుమతి యైన కాలమున ఈ సీమ కొలుములలో తిత్తులు పగలు రాత్రి ఊదినవి. ఆ తిత్తిని ధాన్యపు కొట్టునకు పెట్టవలెనని ఇచ్చట ఎవరికిని ఏల తోచలేదు? తోచవలసిన అవసరము లేదని మా ఉద్దేశము. ఫ్రాన్సు రైతునకు కోతకాలమున తడి; మన రబీ జొన్నకు కోతకాలమున ఎండ. కళ్లములో ఎత్తుపై నిలిచి చేటతో తూర్పారబట్టు మనిషికి గాలి ఊరకనే దొరకును. గాలి పడిపోయిన నాడు దుప్పటి పట్టి విసరెడివారు. చీనావారు హాన్ వంశపు కాలముననే చేతితో త్రిప్పు పంకాపెట్టెతో పొట్టు ఎగురగొట్టిరి. మన కళ్లములలో పంకా వెలసినది ఇరువదవ శతాబ్దమున మాత్రమే.

ఇంతవరకు గింజ చెడుటను గూర్చి చెప్పితిమి. గింజ గుమ్మి వరకు రాకపోవుట మరియొక కథ. ఉట్నూరు సీమలో పురుగు తిన్న ధాన్యము కంటె ఈ రెండవ దారిని పోయిన ధాన్యమే ఎక్కువ. నైజాము కాలమున రిజర్వు అడవుల గీతలు పొలముల మీదుగా సాగెను. ఆ కష్టములలో నుండియే కుమ్రం భీము పోరాటము పుట్టి, 1940లో జోడేఘాటులో ఆయన మరణముతో ముగిసెను. ఆ పిమ్మట ప్రభుత్వమువారు హైమెండార్ఫ్ పండితుని పంపగా, ఆయన మార్లవాయిలో నివసించి గోండుల జీవనమును పరిశీలించెను. భూమికి పట్టాలు, పిల్లలకు బడి లభించుటకు దారి యేర్పడెను. బాటలు పడిన కొలది ప్రత్తియు నూనెగింజలును పెరిగినవి. వాని వెంట వ్యాపారి వచ్చెను. కళ్లము దగ్గరనే అప్పు క్రింద చవుకగా కొలిచియిచ్చిన జొన్నలను వానకాలమున అదే రైతు పిరముగా కొనితెచ్చుకొనెను. ఇది ఒక్క ఉట్నూరు కథ కాదు. యుద్ధకాలపు లెవీ ధాన్యము హైదరాబాదు రాష్ట్రమంతట రైతును పీడించినది. గడీల పాతరలు నిండియుండగా గుడిసెల కుండలు బోరలబడి యుండుట తెలంగాణ సాయుధ పోరాటమునకు ఒక కారణము. పాతరకు మూసివేత యొక గుణమని ముందు చెప్పితిమి. ఆ గుణము గింజను పురుగు నుండియే కాక పొరుగువాని నుండి కూడ దాచును.

పొరుగువాని మాట కౌటిల్యుడు మరవలేదు. కోష్ఠాగారములోని నిలువలో సగమును జనపదముల ఆపద కొరకు ఉంచవలెనని అర్థశాస్త్రమున విధించెను. 1996–97లో భారత ప్రభుత్వము గిరిజన గ్రామముల కొరకు ప్రారంభించిన ధాన్యపు బ్యాంకుల పథకము కూడ ఇట్టి ఉద్దేశముతోనే పుట్టినది. అందరి గింజలు ఒక్క కొట్టులో. కఱవు నెలలో అప్పు, కోత నెలలో తీర్పు.

1965లో ఆహార సంస్థ ఏర్పడిన పిమ్మట ధాన్యపు నిలువ ఇంటి పని కాక ప్రభుత్వపు పని యైనది. గోదాములలో బస్తాలను కొయ్యచట్రములపై పేర్చి, పొడి దినములలో తలుపులు తెరచి గాలి ఆడనిత్తురు. బయట దిబ్బలపై పేర్చిన బస్తాలకు కప్పిన ప్లాస్టికు తెరలను ఎండ కాయునప్పుడు ఎత్తి, మరల కప్పుదురు. మబ్బు దినమున తెరచినచో మేలు కంటె కీడే యగును. తడిగాలి కూడ గాలియే కదా! రెండవ మార్గమును పండితులు విడిచిపెట్టలేదు. ఢిల్లీలోని పూసా పరిశోధనశాలవారు మట్టిగోడల నడుమ ప్లాస్టికు పొర పెట్టి గాలి చొరని గరిసెను రూపొందించిరి. ఆఫ్రికాలోని కామెరూనులో అలసందల కొరకు పుట్టిన మూడు పొరల సంచి నేడు పలుదేశములలో రైతుల యింట నున్నది. పాతరను భుజమునకు ఎత్తుకొనుటయే అది. పొర చినుగకుండవలెను, గింజ ఎండియుండవలెను, తాత నియమములే.

ఆ గూడెములో నేడు ప్రత్తి చేలే ఎక్కువ. తిండికి చౌకడిపో బియ్యము. మేము చూచిన ఇండ్లలో గుమ్మి యున్నవి కొన్నియే. ఉన్నవానిలో ఒకదానిలో దుప్పట్లు, మరియొకదానిలో ఎరువుల ఖాళీ సంచులు. అవ్వ మాత్రము ఇంటి వెనుక చెలకలో జొన్న వేయించుచున్నది. ఎందుకని అడిగితిమి. "పెర్సాపేనుకు కొత్తల పెట్టేది దుకాణం బియ్యమా సారూ?" అనెను.

స్టేషనునకు తిరిగివచ్చి ముద్రణను విన్నప్పుడు, కిక్రీ మొదలగుటకు ముందు సన్నని చప్పుడొకటి వినవచ్చెను. మా మిత్రుడు యంత్రమును ముందుగనే నడిపి యుంచెను. అవ్వ పీలిక లాగినప్పుడు గుమ్మి నుండి జొన్నలు రాలిన చప్పుడది. ఎనిమిది క్షణములుండును. కత్తిరింపుమని నియమము. మేము కత్తిరింపలేదు.